రేడియోలో విన్న చీర రంగు

“కథేముందత్తా? మొదటి పది నిమిషాల్లోనే మొత్తం తెలిసిపోయింది. బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా తీసేరు. అయినా బొమ్మ బాగుంటే సరిపోతుందా ఏంటి?” అంది మా తమ్ముడి కూతురు జాయ్, అమలాపురంలో సినిమా హాలు మెట్లు దిగుతూనే. అంటూనే ఫోను తీసి టకటకా ఏదో కొట్టింది. ఏమిటే అది అంటే, సినిమాకి అయిదుకి రెండు నక్షత్రాలిచ్చానంది. మా చిన్నప్పుడు క్రిస్మస్‌కి ఇంటి మీద ఒక్క నక్షత్రం కట్టాలంటే వెదురు చీల్చి, రంగు కాగితాలంటించి, మూడు రోజులు నడుములు పడిపోయేవి. ఇది ఎనిమిది మెట్లు దిగేలోపు రెండు పంచిపెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ సినిమాలో ఒక పిల్ల సముద్రం అడుగుకి మునుగుతుంది. కాసేపటి వరకు ఒక్కరూ మాట్లాడరు. పైనుంచి వెలుగు నీళ్ళలోంచి చారలు చారలుగా దిగుతుంటుంది. పుట్టినప్పటినుంచి అంతర్వేది సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూసినదాన్నే గానీ, దాని కడుపులోంచి పైకి చూస్తే ఆకాశం అలా ఉంటుందని నాకేం తెలుసు? కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుండిపోయాను. పక్కకి చూస్తే జాయ్ ఫోను చూసుకుంటోంది. ఆ పిల్ల బతికి బయటికొస్తుందని దానికి ముందే తెలుసట, అందుకని చూడటం మానేసిందట.

“తెలిసిపోతే ఏమైందే?” అన్నాను, గడియారస్తంభం పక్కన సోడా కొట్టు బల్ల మీద కూలబడి.

“అదేంటత్తా! తెలుగు టీచరువి, నువ్వే అలాగంటే ఎలా? కథ కదా ప్రాణం.”

“ఆయ్, టీచర్నే. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి నేనూ అదే చెప్పేను. తప్పు చెప్పేను, పోనీ! ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. నాకేమైనా ఉద్యోగం పోతుందా?”

జాయ్ నవ్వింది. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల, తెలివైనది. దానిమీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట, ‘తెలిసిందే కదా, చూసేదేముంది’ అనే మాట, నేను జాయ్ కంటే చాలా ముందు మా ఇంట్లోనే విన్నాను. అన్నది మా మామ్మ, మా నాన్నను కన్న తల్లి. ఆ మాటకి మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. ఇది కూడా మీకు ముందే తెలిసిపోవచ్చు. తెలియనివ్వండి.

మాది నగరం అనే పల్లెటూరు. నాన్న కొబ్బరి దింపు తీసేవాడు, అంటే చెట్లెక్కి కాయలు దించడమే పని. అమ్మ పీచు కొట్టేది. మా ఇంటి వాసనంటే నాకిప్పటికీ కాలవలో నానేసిన కొబ్బరి డొక్కల కుళ్ళు వాసనే. బయటివాళ్ళు ముక్కు మూసుకునేవారు. నేను మాత్రం బడినుంచి వస్తూ ఆ వాసన తగలగానే ఇల్లొచ్చిందని నడక జోరు పెంచేదాన్ని. మామ్మ చూరు కింద నులక మంచంలో కూర్చునుండేది. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయి ఎన్నేళ్ళో అయింది. వెలుగుకీ చీకటికీ మధ్య తేడా తెలిసేది, అంతే. అయినా ఇంటి పెత్తనమంతా ఆవిడదే. చప్పుడును బట్టి అంతా చెప్పేసేది. గిన్నె మీద మూత పడిన చప్పుడు వింటే అన్నం వార్చారో లేదో చెప్పేది. అడుగుల చప్పుడు వింటే ఎవరొస్తున్నారో, ఏం మూటగట్టుకొస్తున్నారో కూడా చెప్పేది.

మిలటరీలో ఉన్న మా చిన్నాన్న సెలవులకొస్తూ ఒక రేడియో తెచ్చి మామ్మ మంచం పక్కన పెట్టి వెళ్ళాడు. అందులో ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేది. ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు. సినిమాలోని మాటలూ పాటలూ కుదించి గంటసేపు రేడియోలో వినిపించేవారు, బొమ్మ లేకుండా. ఊరు ఊరంతా సినిమాని చెవులతో చూసేది. మాకు సినిమా హాలుకి వెళ్ళడం నిషేధం. మా సంఘం పాస్టరుగారు చాలా మంచాయన గానీ, సినిమా పేరెత్తితే మండిపడేవారు. ‘మీ కంటికి కాపలా పెట్టుకోండమ్మా’ అని ప్రసంగంలో నెలకోసారైనా చెప్పేవారు. మామ్మ దాన్ని అక్షరాలా పట్టుకుంది. “కంటికన్నారు గానీ చెవికన్నారా? చూడ్డం తప్పు. వినడం తప్పుకాదు. నాకు కళ్ళే లేవు, నాకేం పాపం?” అనేది. అలా ఆవిడ పుణ్యమాని, గుడినుంచి వచ్చి, అన్నాలు తిని, ఇంటిల్లిపాదీ ఆ మంచం చుట్టూ చేరి ఏ పాపమూ అంటకుండా సినిమాలు వినేవాళ్ళం. చుట్టుపక్కలవాళ్ళు కూడా వచ్చేవారు, పీచు పేనుకుంటూ.

వాటిలో ఒక సినిమా అంటే మామ్మకి ప్రాణం. ఎన్నిసార్లు వేశారో, ఎన్నిసార్లు విన్నామో. గోదారొడ్డున ఒకావిడ, ఇద్దరు పిల్లలు. మొగుడు పడవ మీద ఎటో పోయి తిరిగి రాడు. ఆవిడ కష్టపడుతుంది, చివర్లో వాడొస్తాడు. అంతే కథ. మొదటిసారి వింటున్నప్పుడే పక్కింటి సూరమ్మత్త ‘వాడొస్తాళ్ళే’ అనేసింది. అయినా ప్రతిసారీ ఏడ్చేవాళ్ళం. అందులో ఒక చోట చిన్నపిల్లాడు ‘నువ్వు తినవా అమ్మా’ అంటాడు. ‘నేను తింటున్నాను నాన్నా’ అంటుంది ఆవిడ. వెంటనే కంచం చప్పుడు, చెయ్యి కడుక్కున్న నీళ్ళ చప్పుడు, ఆ తర్వాత పాట. మామ్మ ప్రతిసారీ అక్కడ “పోన్లే తల్లీ, నువ్వూ ఓ ముద్ద తిన్నావు” అని ఊపిరి పీల్చుకునేది.

ఇంకోచోట ఆవిడ, ‘ఈ చీర కట్టుకుని రేవులో నిలబడితే నన్ను నది మధ్యలోంచే గుర్తుపడతారు’ అంటుంది. ఏ రంగు చీరో చెప్పదు. ఆ చీర గురించి మామ్మకీ నాకూ పెద్ద యుద్ధం. మామ్మ చిలకపచ్చ అనేది. నేను వంగపండు రంగు అనేదాన్ని. “నీళ్ళ మధ్యనుంచి కనపడాలంటే చిలకపచ్చేనే మొద్దూ!” “ఒడ్డంతా పచ్చటి చెట్లే కదా మామ్మా, పచ్చలో పచ్చ ఎలా కనపడుద్ది?” ఈ వాదన ఎన్ని నెలలు నడిచిందో. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ ఎటువైపో చెప్పమనేవాళ్ళం.

ఆ మధ్యలో తుపాను వచ్చింది. దాని సంగతి పుస్తకాల్లో చాలామంది రాశారు, నేను ఒక్క మాటే చెబుతాను. మర్నాడు లేచి చూస్తే కొబ్బరిచెట్లన్నీ నిలబడే ఉన్నాయి, ఒక్కదానికీ తల లేదు. కాయ లేకపోతే దింపు లేదు, డొక్క లేకపోతే పీచు లేదు. నాన్న కూలి వెతుక్కుంటూ పైఊళ్ళకి వెళ్ళిపోయాడు. ఇంట్లో మామ్మ, అమ్మ, నేను, తమ్ముడు మిగిలాం. ఒక పూట గంజి, ఒక పూట నూకలన్నం. అమ్మ మామ్మకి పెట్టేది, మాకు పెట్టేది. మామ్మ మంచం మీదనుంచే “సువార్తా, నువ్వు తిన్నావా?” అని అడిగేది.

“తింటన్నానండి అత్తయ్యా.”

అనేసి అమ్మ ఖాళీ సత్తు కంచం ముందు పెట్టుకుని కూర్చునేది. గాజులు కంచానికి తగిలేలా చెయ్యి ఆడించేది. మధ్యలో ఒక ఎండుమిరపకాయ కొరికి, కారమైనట్టు ‘హా’ అని గాలి పీల్చేది. “మజ్జిగ లేదా ఏంటే, అంత కారం తింటావు?” అని మామ్మ కేకలేసేది. చివర్న కంచంలో నీళ్ళు ఒంపుకుని చెయ్యి కడుక్కునేది. నేను ఎదురుగా కూర్చుని ఇదంతా చూసేదాన్ని. మొదటిరోజు నోరు తెరవబోతే అమ్మ పెదవుల మీద వేలు పెట్టింది. నేను నోరు మూసుకున్నాను. అమ్మ వద్దన్నదని మాత్రమే కాదు. చెబితే మామ్మ పంపకం మార్చేస్తుంది, నా ముద్దలో సగం పోతుంది. అదీ నా లెక్క. ఆ వయసులో ఆకలి అలాగే ఉంటుందని ఎవరైనా నన్ను ఓదారిస్తే నాకు కోపం వస్తుంది. నాకు తెలుసు, తెలిసే నోరు మూసుకున్నాను.

అదే రోజుల్లో మామ్మను చెయ్యి పట్టి నడిపించే పని అమ్మ నాకు అప్పజెప్పింది. అంతకుముందు అమ్మ భుజం మీద చెయ్యేసుకునే మామ్మ దొడ్లోకి వెళ్ళేది. పిల్ల పెద్దదయింది, దానికీ అలవాటవ్వాలని అమ్మ అంటే నేను నమ్మేశాను. ఎముక తేలిన ఆ భుజం మామ్మ చేతికి ఎలా తగులుతుందో అమ్మకి తెలుసని చాలా ఏళ్ళకి గానీ నాకు అర్థం కాలేదు.

అలాంటి అమ్మే, రాజోలులో కళ్ళ శిబిరం పెట్టారని తెలిసి మామ్మ వెంటపడింది. చూపొస్తే తన గుట్టు బయటపడుతుందని తెలిసీ వెంటపడింది. మా అమ్మ ధైర్యం గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే.

మామ్మ ససేమిరా అంది. “నాకెందుకే ఇప్పుడు? ఈ ఇల్లు నాకు తెలీదా? మీ మొహాలు తెలీవా? వాక్యం నోటికొచ్చు. తెలిసినయ్యే కదా అన్నీ, కొత్తగా చూసేదేముంది?”

నేనందుకున్నాను. “అయితే చీర వంగపండు రంగని ఒప్పేసుకున్నట్టేనా మామ్మా? కళ్ళొచ్చి చూస్తే ఓడిపోతావని భయం!”

మామ్మ మంచం మీద నిటారుగా కూర్చుంది. “ఎవరే ఓడిపోయేది? సువార్తా, ఎప్పుడంటే ఆ శిబిరం?”

ఆపరేషన్ అయింది. అప్పట్లో కంట్లో అద్దం పెట్టేవాళ్ళు కాదు. కట్టు విప్పాక అంతా మసకే, కొన్ని వారాల తర్వాత సోడాబుడ్డి కళ్ళజోడు ఇచ్చేవారు. జోడు తెచ్చుకోవడానికి మళ్ళీ రాజోలు వెళ్ళాం, నేను, అమ్మ, మామ్మ. తమ్ముణ్ణి సూరమ్మత్త దగ్గర వదిలాం. జోడు ఇచ్చినాయన మామ్మ ముక్కు మీద దాన్ని సర్ది, “మామ్మగారూ, ఈ ఎండలో కళ్ళు తెరవకండి, నీళ్ళు కారిపోతాయి. నీడలోకి వెళ్ళాక నెమ్మదిగా తెరవండి” అన్నాడు. మామ్మ చీర కొంగు మొహం మీదికి లాక్కుని, నా భుజం పట్టుకుని బయటికొచ్చింది. బస్సు సాయంత్రానికి గానీ లేదు. నడుస్తుంటే గోడ మీద ఆ సినిమా పేరున్న కాగితం కనబడింది. నేను ఆగలేక పైకి చదివేశాను.

మామ్మ నిలబడిపోయింది. “హాలు ఎంత దూరవే?”

“ఎదురుగానే మామ్మా.”

“అత్తయ్యా, పాస్టరుగారికి తెలిసిందంటే…” అంది అమ్మ.

“తెలియనీ! ఆయన్నేమైనా కూడా రమ్మన్నానా? ఇన్నిసార్లు విన్నదాన్ని ఓసారి చూడ్డానికెళ్తన్నాను. ఇదేం కొత్త పాపం కాదు. పదండి.”

మ్యాట్నీ. ఆడవాళ్ళ బెంచీ మీద మామ్మ మధ్యన, ఒకపక్క నేను, ఒకపక్క అమ్మ. దీపాలు తీసేశాక మామ్మ కొంగు తీసి కళ్ళు తెరిచింది. తెర మీద గోదావరి. వెన్నెల్లో ఒక పడవ, తెడ్డు పడినచోటల్లా నీళ్ళు ముక్కలై మళ్ళీ కలుస్తున్నాయి. రేడియోలో ఈ భాగం లేనేలేదు, మాటల్లేవు కదా, కుదింపులో తీసేశారు. మామ్మ నా తొడ మీద గట్టిగా చరిచింది. “ప్రభువా! నీళ్ళు మెరుస్తన్నాయే బుజ్జీ! మన గోదారేనే!” పుట్టిందీ పెరిగిందీ ఆ గోదారి పాయల మధ్యన. అలాంటి మనిషి నీళ్ళు మెరవడం చూసి చిన్నపిల్లలా ఊగిపోయింది. కథ మొదలయ్యాక మాటలన్నీ తెర మీదవాళ్ళకంటే ముందే అనేస్తోంది. వెనక బెంచీలో ఒకావిడకి విసుగొచ్చింది. “మామ్మగారూ, కాస్త మమ్మల్ని కూడా విననివ్వండి.”

“మీరు వినండమ్మా, ఎవరొద్దన్నారు? నేను చూడ్డానికొచ్చేను.”

చీర ఘట్టం వచ్చింది. నేనూ మామ్మా ముందుకు వంగాం. చీర కట్టుకుని ఆవిడ రేవులో నిలబడింది. బూడిదరంగు. నది బూడిదరంగు, చెట్లు బూడిదరంగు, చీరా అంతే. ఆ సినిమాకి రంగు ఉండదని మా ఇద్దరిలో ఒక్కరికైనా తట్టలేదు. మామ్మ జోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. “ఇదేంటే, రంగు వేయడం మర్చిపోయేరా?” అంది. నాకు నవ్వాగలేదు, అమ్మకీ ఆగలేదు. అమ్మ నవ్వగా చూసి చాలా నెలలైంది.

తర్వాత ఆ కంచం ఘట్టం. పిల్లాడడిగాడు, ‘నువ్వు తినవా అమ్మా’. మామ్మ జవాబు ముందే అనేసింది, “నేను తింటన్నాను నాన్నా.” ఆవిడా అదే అంది. కంచం చప్పుడైంది. కానీ తెర మీద కంచం ఇంత పెద్దదిగా చూపించారు, హాలంత పెద్దదిగా. ఖాళీ కంచం. ఆవిడ వేళ్ళు అడుగున ఊరికే తిరుగుతున్నాయి. నీళ్ళు ఒంపుకుంది. అన్నిసార్లు విన్నామే, ‘పోన్లే తల్లీ’ అనుకున్నామే, ఒక్కసారైనా ఆవిడ తినలేదు.

మామ్మ ‘పోన్లే తల్లీ’ అనలేదు. పాట మొదలైంది. మామ్మ నెమ్మదిగా తల అమ్మవైపు తిప్పింది. తెర వెలుగు అమ్మ మొహం మీద పడుతోంది.

“బొమ్మ చూడండి అత్తయ్యా” అంది అమ్మ, తలొంచుకుని.

“చూస్తన్నాను.”

మామ్మ చెయ్యి చాపి అమ్మ మణికట్టు పట్టుకుని పైకెత్తింది. గాజులు జారి మోచేతి దాకా వెళ్ళిపోయాయి. మామ్మ చాలాసేపు చూసింది. “నీ గొంతులో తెలీలేదే అమ్మా” అంది. “ఒక్కరోజైనా నీ గొంతులో తెలీలేదే.” మామ్మ నావైపు తిరిగింది. “నీకు తెలుసా?” నేను తలూపాను. ఆ అద్దాల వెనక ఆవిడ కళ్ళు ఇంతింత పెద్దవిగా ఉన్నాయి. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాతి ఆదివారం గుడి బయట మామ్మే పాస్టరుగారికి ఎదురెళ్ళింది. “సినిమాకెళ్ళేనండి.”

ఆయన నిర్ఘాంతపోయారు. “ఈ వయసులో ఏంటమ్మా ఇది? పోనీ రేడియోలో విన్న కథే కదా, తెలిసిందే కదా, మళ్ళీ చూసేదేముంది?”

“ఆయ్, తెలిసిన కథేనండి. తమరు ప్రతి క్రిస్మస్‌కీ చెప్పేది కూడా తెలిసిన కథే కదండీ. మేం మానేస్తన్నామా?”

పాస్టరుగారు కాసేపు గంభీరంగా నిలబడడానికి ప్రయత్నించి, చేతకాక నవ్వేశారు. జోడు బాగుందమ్మా అని వెళ్ళిపోయారు.

సోడా కొట్టు దగ్గర ఇదంతా చెప్పేసరికి జాయ్ సోడాలో గ్యాసంతా పోయింది. “సరేలే అత్తా, మూడు నక్షత్రాలు చెయ్యనా?” అంది, కళ్ళు తుడుచుకుంటూనే నన్ను ఉడికిస్తూ. నీ నక్షత్రాలు నీ దగ్గరే ఉంచుకోమన్నాను. మీ రోజుల్లో అందరూ తినబోయే కంచాలకి ఫోటోలు తీసి ఊరందరికీ పంపుతారు, పక్కనున్నవాళ్ళ కంచంలోకి ఎవరూ చూడరు. కథ తెలిసిపోయిందని చూడటం మానేస్తే ఎలాగే? మనుషుల కథలు మాత్రం కొత్తగా ఏముంటాయి, పుట్టడం, ఆకలెయ్యడం, ఎదురుచూడటం, పోవడం. రేపు మ్యాట్నీకి మళ్ళీ వెళ్తున్నాను, ఆ పిల్ల నీళ్ళలో మునిగేది చూడటానికే. రెండు చుక్కల సినిమాకి రెండుసార్లు డబ్బులు తగలేసిందని నీ ఫోన్లో రాసుకో పో, అన్నాను. జాయ్ ఫోను లోపల పెట్టి, తనూ వస్తానంది.

ఆవేళ రాజోలు నుంచి వచ్చి బస్సు దిగి, తమ్ముణ్ణి తీసుకుని ఇంటికొచ్చాక అమ్మ పొయ్యి వెలిగించి గంజి కాచింది. మామ్మ నులక మంచం వదిలేసి వచ్చి, జోడు సర్దుకుని, పొయ్యి దగ్గర నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తనే నాలుగు కంచాలు పరిచింది, తనే పంచింది. నా వంతు సగమైంది. ఎవరూ నా మొహం చూడలేదు, నేనూ ఎవరి మొహమూ చూడలేదు. అమ్మ అలవాటు కొద్దీ కంచంలో చెయ్యి ఆడించింది, గాజులు గలగలమన్నాయి.

“చప్పుడు వద్దే సువార్తా” అంది మామ్మ, ముందుకు వంగి. “చప్పుడు చాలా విన్నాను. ముద్ద చూపించు.”